ఏళ్లు గడిచినా ధర దిగని గేమ్‌లు: అసలు లెక్క ఎక్కడుంది?

2017 మార్చి 3న నింటెండో ‘స్విచ్’ గేమ్ యంత్రంతో పాటే ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ అమెరికాలో 59.99 డాలర్లకు విడుదలైంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 20న సోనీ యంత్రం పీఎస్4 (ప్లేస్టేషన్ 4) మీద ‘గాడ్ ఆఫ్ వార్’ సరిగ్గా అదే ధరకు వచ్చింది. రెండింటినీ విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. రెండూ కోట్లలో అమ్ముడయ్యాయి. ఏడాదిన్నర తిరిగేసరికి గాడ్ ఆఫ్ వార్ ‘ప్లేస్టేషన్ హిట్స్’ అనే తక్కువ ధర వరుసలో చేరి 19.99 డాలర్లకు దిగిపోయింది. జెల్డా మాత్రం ఎనిమిదేళ్లు దాటినా 59.99 దగ్గరే కూర్చుంది.

మంచి గేమ్ అయితే ధర నిలబడుతుందని దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా గేమ్‌లు ఆడేవాళ్లు చాలామంది నమ్ముతారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ఆ నమ్మకం నిలవదు. బాగుండటం అవసరమే, కాని అదొక్కటే చాలదు. ధర దిగుతుందా లేదా అన్నది గేమ్‌ను బట్టి కన్నా అమ్మేవాడి వ్యాపారాన్ని బట్టే ఎక్కువగా తేలుతుంది. కొనేవాళ్లకు అతను ఇన్నేళ్లుగా ఏం అలవాటు చేశాడన్నది అందులో పెద్ద భాగం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో గేమ్ సీడీలు పెట్టే దుకాణాలు తక్కువ, చెయ్యి మారే సీడీలకు కొనేవాళ్లూ తక్కువ. అందుకే ఈ లెక్క విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉండేవాళ్ల కన్నా ఇక్కడివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. ఇక్కడ తప్పుగా కొన్న సీడీని వదిలించుకోవడం కష్టం.

ఏ ధర గురించి మాట్లాడుతున్నాం?

ఒక గేమ్‌కు ఒకే సమయంలో కనీసం నాలుగు ధరలు ఉంటాయి. పెట్టె మీద అచ్చేసిన ఎమ్మార్పీ ఒకటి. ఆన్‌లైన్ స్టోర్‌లో మామూలు రోజున కనిపించే ధర రెండోది. సేల్‌లో వచ్చే ధర మూడోది. చెయ్యి మారిన సీడీకి పలికే ధర నాలుగోది. ‘ధర దిగలేదు’ అనేవాళ్లు వీటిలో దేని గురించి అంటున్నారో చెప్పరు. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 2’ దీనికి మంచి ఉదాహరణ. 2012 నవంబర్‌లో వచ్చిన ఈ గేమ్‌కు ఏళ్లు గడిచినా, పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో 59.99 డాలర్ల ధరే ఉంచారు. చూస్తే ధర అస్సలు దిగలేదనిపిస్తుంది. కాని సేల్ వచ్చిన ప్రతిసారీ సగానికి ఇస్తారు, తెలిసినవాళ్లు అప్పుడే కొంటారు. ఇక్కడ 59.99 అన్నది ‘50 శాతం తగ్గింపు’ అన్న పచ్చరంగు ముద్ర వేయడానికి పెట్టుకున్న అంకె. జెల్డా విషయం వేరు. దాని మీద సేల్ అప్పుడప్పుడూ వస్తుంది, వచ్చినా తగ్గేది మూడో వంతు వరకే. జనం ఎక్కువగా అసలు ధరకే కొంటారు. నిజంగా ధర నిలబడటం అంటే ఇది. ఈ రెండింటికీ ఉన్న తేడా స్టోర్ పేజీలో కనిపించదు. ధర చరిత్ర చూస్తేనే తెలుస్తుంది. పీసీ గేమ్‌లకు స్టీమ్‌డీబీ, ఈజ్‌దేర్‌ఎనీడీల్ అనే సైట్లలో ఒక్కో గేమ్ ధర ఎప్పుడెప్పుడు ఎంతకు దిగిందో గీత గీసి చూపిస్తారు. సీడీలు, కార్ట్రిడ్జ్‌లకు ప్రైస్‌చార్టింగ్ ఉంది. అందులో అంకెలు డాలర్లలో ఉంటాయి కాబట్టి వాటిని రూపాయల్లోకి మార్చుకుని ఇక్కడి ధర అనుకోకండి. గీత పైకి పోతోందా, కిందికి పోతోందా అన్నది మాత్రం చూసుకోండి.

ఆగడం నేర్పేది అమ్మేవాడే

గేమ్ తయారు చేయడానికి కోట్లు ఖర్చవుతాయి. ఒకసారి తయారయ్యాక ఇంకో కాపీ అమ్మడానికి దాదాపు ఏమీ ఖర్చు కాదు. డౌన్‌లోడ్ అయితే సర్వర్ ఖర్చు, స్టోర్ తీసుకునే వాటా, అంతే. ఆ వాటా మామూలుగా 30 శాతం. స్టీమ్‌లో కోటి డాలర్లు దాటిన అమ్మకాల మీద 25 శాతానికి, అయిదు కోట్లు దాటితే 20 శాతానికి దిగుతుంది. ఈ పరిస్థితిలో ముందు ఆత్రం ఉన్నవాళ్లకు పూర్తి ధరకు అమ్మి, తర్వాత మెల్లగా దించుతూ మిగతావాళ్లకు అమ్మడం సహజం. ఎక్కువ కంపెనీలు చేసేది ఇదే.

అక్కడే ఒక చిక్కుంది. ధర దిగుతుందని కొనేవాడికి ముందే తెలిస్తే, మొదటి రోజున ఎందుకు కొంటాడు? ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1972లోనే ఈ సంగతి రాశాడు: చాలాకాలం నిలిచే సరుకును ఒక్కడే అమ్ముతున్నా, ఆ ఒక్కడు తన రేపటి ధరతో తానే పోటీ పడాలి. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే ఆషాఢం సేల్ ఏటా పెట్టే చీరల దుకాణానికి జ్యేష్ఠంలో గిరాకీ పడిపోవడం లాంటిదే ఇది. ఆగమని ఎవరూ చెప్పనక్కర్లేదు, దుకాణమే నేర్పింది.

దీన్ని తప్పించుకునే దారి ఒకటుంది. ధర దించనని ముందే చెప్పాలి, చెప్పాక దించకూడదు. ఈ మాటను అక్షరాలా పాటించింది చెక్ దేశానికి చెందిన వూబే సాఫ్ట్‌వేర్. వాళ్ల ‘ఫ్యాక్టోరియో’ 2016 ఫిబ్రవరిలో స్టీమ్‌కు వచ్చినప్పుడు 20 డాలర్లు. ఎన్నడూ సేల్ పెట్టబోమని బాహాటంగా ప్రకటించారు, పెట్టలేదు. పైగా 2018 ఏప్రిల్‌లో 30 డాలర్లకు, 2023 జనవరిలో ద్రవ్యోల్బణం పేరు చెప్పి 35 డాలర్లకు పెంచారు. ఆగినవాడికి లాభం రాకపోగా నష్టమే వచ్చింది. దాంతో కొనేవాళ్లు ఆగడం మానేశారు. మరి కొనాలా వద్దా అని ఊగిసలాడేవాడి సంగతి? వాళ్లకోసం ఉచిత డెమో పెట్టారు. ధర దించి రప్పించాల్సినవాణ్ని ముందు ఉచితంగా ఆడనిచ్చి రప్పించారు. ఈ రెండో సగం చాలామంది గమనించరు. డెమో లేకుండా సేల్ మానేసి ఉంటే ఈ పద్ధతి ఇంత బాగా నడిచేది కాదు.

‘మైన్‌క్రాఫ్ట్’ కూడా ఇలాగే మొదలైంది. తయారీ ఇంకా నడుస్తున్న ఆల్ఫా దశలో 9.95 యూరోలు, తర్వాతి బీటా దశలో 14.95, పూర్తయ్యాక 19.95. ముందు నమ్మి కొన్నవాడు తక్కువ చెల్లించాడు. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొన్న తర్వాత కూడా దాని అసలు ధరను దించేయలేదు. ఇప్పటికి 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి.

నింటెండో పట్టుదల వెనుక పాత గాయం

నింటెండో ధర దించకపోవడాన్ని కొందరు అత్యాశ అంటారు. ఆ కంపెనీ చరిత్ర చూస్తే అది భయంతో నేర్చుకున్న పాఠం అని తెలుస్తుంది. 1983లో అమెరికాలో ఇంటి వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. ఎవరు పడితే వాళ్లు గేమ్‌లు చేసి దుకాణాల్లోకి తోశారు. అమ్ముడుపోని సరుకును దుకాణదారులు బుట్టల్లో పోసి, ముప్పై నలభై డాలర్ల కార్ట్రిడ్జ్‌ను అయిదు డాలర్లకు ఇచ్చేశారు. అయిదు డాలర్లకు బుట్టలో గేమ్ దొరుకుతుంటే పక్క అలమరాలో కొత్త గేమ్‌కు నలభై ఎవరు పెడతారు? మంచి గేమ్‌లూ అందులోనే మునిగాయి. మిగిలిన కార్ట్రిడ్జ్‌లలో కొన్నిటిని అప్పటి పెద్ద గేమ్ కంపెనీ అటారీ న్యూ మెక్సికోలోని అలమగోర్డో దగ్గర గొయ్యి తీసి పూడ్చింది. 2014లో తవ్వితే అవి బయటపడ్డాయి కూడా.

1985లో నింటెండో తన ఎన్ఈఎస్ యంత్రంతో అదే మార్కెట్‌లోకి అడుగుపెట్టినప్పుడు, యంత్రంలో తాళం లాంటి ఒక చిప్ పెట్టింది. అనుమతి లేని కార్ట్రిడ్జ్ అందులో నడవదు. బయటి కంపెనీలు ఏడాదికి అయిదు గేమ్‌లకు మించి వేయకూడదని షరతు పెట్టింది. అధినేత హిరోషి యమౌచి ఆలోచన ఒక్కటే: సరుకు పొంగిపొర్లకూడదు, బుట్టలోకి పోకూడదు. ఇప్పుడు ఆ షరతులు లేవు గాని ఆ తీరు మిగిలింది.

అలాగని నింటెండో ఎన్నడూ దించలేదని కాదు. ‘ప్లేయర్స్ ఛాయిస్’, 2011 నుంచి ‘నింటెండో సెలెక్ట్స్’ అని తక్కువ ధర వరుసలు నడిపింది. వీ, వీ యూ, 3డీఎస్ అనే పాత యంత్రాల గేమ్‌లు కొన్ని 19.99 డాలర్లకు వచ్చాయి. స్విచ్‌కు మాత్రం అలాంటి వరుస తేలేదు. అవసరం పడలేదు. 2014లో వీ యూ మీద వచ్చిన ‘మారియో కార్ట్ 8’నే 2017 ఏప్రిల్‌లో ‘డీలక్స్’ పేరుతో మళ్లీ 59.99కు అమ్మితే 6 కోట్లకు పైగా కొన్నారు. స్విచ్ కొన్న కొత్త ఇళ్లు చాలా దాన్నే ముందు కొంటాయి. యంత్రం అమ్ముడవుతున్నంతకాలం ఈ గేమ్‌కు కొత్త కొనుగోలుదారు పుడుతూనే ఉంటాడు. పాత గేమ్ అన్న భావనే రాదు.

ఈ పట్టుదల హద్దు దాటిన సందర్భమూ ఉంది. ఐరోపాలో తక్కువ ధర దేశం నుంచి ఎక్కువ ధర దేశానికి సరుకు వెళ్లకుండా పంపిణీదారులతో కలిసి అడ్డుపడినందుకు 2002 అక్టోబర్‌లో యూరోపియన్ కమిషన్ నింటెండోకు దాదాపు 14.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. ధరను మాటతో నిలబెట్టడం వేరు, దారులు మూసి నిలబెట్టడం వేరు. రెండోది చట్టం ఒప్పుకోదు.

మరి సోనీ ఎందుకు దించుతుంది? సోనీకి ఆదాయం వచ్చే దారి వేరు. బయటి కంపెనీలు ప్లేస్టేషన్ మీద అమ్మే ప్రతి గేమ్‌లో, గేమ్ లోపల కొనే ప్రతి వస్తువులో దానికి వాటా వస్తుంది. కాబట్టి గాడ్ ఆఫ్ వార్‌ను 19.99కు ఇచ్చినా, ఆ ఆశతో ఒకరు పీఎస్4 కొంటే తర్వాత ఏళ్ల తరబడి వాటా వస్తూనే ఉంటుంది. తన సొంత గేమ్ సోనీకి ఆకర్షణ, నింటెండోకు అదే జీవనాధారం. ‘జీటీఏ 5’ కూడా ఇదే కోవలోది. 2013 సెప్టెంబర్‌లో వచ్చి, 20 కోట్లకు పైగా కాపీలు అమ్ముడై కూడా తరచూ సగం ధరకు, అంతకన్నా తక్కువకు దొరుకుతుంది. లోపలికి వచ్చాక ఆన్‌లైన్‌లో షార్క్ కార్డులు (ఆటలో ఖర్చు పెట్టుకునే డబ్బు) అమ్మాలి కాబట్టి లోపలికి వచ్చే ధర తగ్గించడమే వాళ్లకు లాభం. ఇంకో అడుగు ముందుకేస్తే ధర సున్నా అవుతుంది. పబ్‌జీ పీసీ గేమ్ 2022 జనవరిలో ఉచితమైంది. బీజీఎంఐ మొదటి రోజు నుంచే ఉచితం.

ధర ఎక్కడ విరుగుతుంది

ఏటా కొత్త సంచిక వచ్చే ఆటల గేమ్‌లు అందరికన్నా వేగంగా పడతాయి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, కుస్తీ ఏదైనా సరే, కొత్త జట్లతో తర్వాతి ఏడాది సంచిక రాగానే పాతదానితో ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు ఖాళీ అవుతారు. ఫుట్‌బాల్ గేమ్‌లు సెప్టెంబర్‌లో వస్తాయి. జూలై, ఆగస్టులో పూర్తి ధర పెట్టి కొంటే రెండు నెలల్లో దాన్ని అడిగేవాడుండడు.

‘కంప్లీట్ ఎడిషన్’ వచ్చే గేమ్‌ల సంగతీ ఇంతే. ‘విచర్ 3’ 2015 మేలో వచ్చింది, 2016 ఆగస్టులో అదనపు కథలన్నీ కలిపిన పెట్టె వచ్చింది. ‘హొరైజన్ జీరో డాన్’ 2017 ఫిబ్రవరిలో వచ్చి డిసెంబర్‌కే కంప్లీట్ ఎడిషన్ అయింది. ఆ పెట్టె రాగానే ఒట్టి మొదటి గేమ్ సీడీకి విలువ పోతుంది. కథ పెద్దదై, అదనపు భాగాలు రాబోతున్నాయని ముందే ప్రకటించిన గేమ్ అయితే ఇది జరిగే అవకాశం ఎక్కువ.

చందా కట్టి ఆడే సబ్‌స్క్రిప్షన్‌లోకి వెళ్లడం మూడోది. ప్లేస్టేషన్ ప్లస్‌లోనో గేమ్ పాస్‌లోనో ఒక గేమ్ చేరిన రోజున దాని పాత సీడీ అడిగేవాళ్లు తగ్గుతారు. ఇది అకస్మాత్తుగా జరుగుతుంది కాబట్టి అమ్మాలనుకున్న సీడీని అలమరాలో నెలల తరబడి ఉంచడం మంచిది కాదు.

నాలుగోది దుకాణంలో అమ్ముడుపోని నిల్వ. కంపెనీ పది లక్షల పెట్టెలు అచ్చేసి దుకాణాలకు పంపి, మూడు లక్షలే అమ్ముడైతే, మిగిలినవి కదలడానికి ధర దించక తప్పదు. దుకాణదారు ముందే ఎక్కువకు కొన్నాడు కాబట్టి ఆ తేడాను చాలా దేశాల్లో కంపెనీయే భరిస్తుంది. అందుకే తక్కువగా అచ్చేసి, అయిపోయాక మళ్లీ అచ్చేసే కంపెనీ ధర నిలుస్తుంది, మొదటి వారంలోనే అలమరాలు నింపేసే కంపెనీది పడుతుంది. ‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబర్ 10న పీఎస్4 మీద లోపాలతో వచ్చింది, వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేశారు, దుకాణాల్లో నిండిన సీడీల ధర వెంటనే పడిపోయింది. తర్వాత గేమ్ బాగుపడి, 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్‌తో మెప్పు పొందింది. అప్పటికే జనం తక్కువ ధరకు అలవాటు పడ్డారు. ఒకసారి విరిగిన ధర గేమ్ బాగుపడినంత మాత్రాన తిరిగి నిలబడదు.

అదే డాలర్, మారిన రూపాయి

ఇక్కడ మనకు మాత్రమే తగిలే దెబ్బ ఒకటుంది. అమెరికాలో 59.99 అలాగే ఉంటే, ద్రవ్యోల్బణం లెక్కన ఆ గేమ్ ఏటా కాస్త చవకవుతున్నట్టే. మనకు అది తిరగబడుతుంది. 2017 మార్చిలో డాలర్ సుమారు 65 రూపాయలు, అంటే గేమ్ రూ.3,900 చుట్టూ పడేది. 2024లో డాలర్ 84 దాకా వచ్చింది, అదే గేమ్ రూ.5,000 దాటింది. నింటెండోకు భారత్‌లో అధికారిక అమ్మకం లేదు, స్విచ్ సరుకంతా ఎవరో ఒకరు దిగుమతి చేసి తెచ్చిందే. రవాణా, పన్ను, దిగుమతిదారు లాభం దానిమీద కలుస్తాయి. కాబట్టి పర్లాకిమిడిలో ఒకరు స్విచ్ గేమ్ ధర దిగడం కోసం ఆగితే, ఆ ధర దిగకపోగా ఎక్కుతుంది.

దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, అన్ని పన్నులతో కలిపిన ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతాయి. స్టిక్కర్ లేకపోతే అది దొడ్డిదారి సరుకు. సీడీ పనిచేయవచ్చు గాని బిల్లు, వారంటీ అడగలేరు. స్టిక్కర్ ఉంటే ఆ అంకెకు మించి ఒక్క రూపాయి అడగకూడదు.

సోనీ ధరలు రూపాయల్లోనే ఉంటాయి. పీఎస్4 కాలంలో పెద్ద గేమ్ రూ.3,999 ఉండేది, పీఎస్5 వచ్చాక సోనీ సొంత పెద్ద గేమ్‌లు రూ.4,999కి ఎక్కాయి. పీసీలో స్టీమ్ 2015 నవంబర్ నుంచి రూపాయల్లో అమ్ముతోంది. ఏ దేశంలో ఎంత పెట్టాలో స్టీమ్ ఒక సూచన ఇస్తుంది, పాటించడం కంపెనీ ఇష్టం. కొందరు డాలర్ ధరను నేరుగా రూపాయల్లోకి మార్చి పెట్టేస్తారు. ఇక్కడ తక్కువకు పెడితే వేరే దేశాలవాళ్లు ఆ దారిన కొంటారని వాళ్ల భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. అర్జెంటీనా, టర్కీ ధరలను బయటివాళ్లు అలానే వాడుకున్నారు. 2023 నవంబర్‌లో స్టీమ్ కరెన్సీ ఒడిదుడుకులను కారణంగా చెప్పి ఆ రెండు దేశాల్లో స్థానిక కరెన్సీ తీసేసి డాలర్లలోకి మార్చింది.

స్టీమ్‌లో సేల్ కోసం ఆగేవాళ్లు ఒక నియమం గుర్తుపెట్టుకుంటే చాలు. ఒక తగ్గింపు అయ్యాక మరోటి పెట్టడానికి కంపెనీ 30 రోజులు ఆగాలి, నాలుగు పెద్ద సీజన్ సేల్‌లకు మాత్రం మినహాయింపు. కాబట్టి మామూలు వారాంతపు సేల్ నిన్న ముగిసిన గేమ్‌ను మళ్లీ వచ్చే వారం చవకగా ఆశించకండి.

చెయ్యి మారిన సీడీ లెక్క

ధర నిలిచే గేమ్ ఖరీదైనదని అనిపిస్తుంది. అమ్మేసే ఉద్దేశం ఉన్నవాడికి అది తరచూ చవక. ఉదాహరణకు రెండు సీడీలు తీసుకోండి. ఒకటి రూ.4,500 పెట్టి కొని, ఆరు నెలలు ఆడి, రూ.3,600కు అమ్మారు. అసలు ఖర్చు రూ.900. రెండోది కొత్తగా రూ.3,999 పెట్టి కొని, ఆరు నెలలకు రూ.1,200కు అమ్మారు. ఖర్చు రూ.2,799. పెట్టె మీద చవక అనిపించింది మూడు రెట్లు ఖరీదు పడింది. అమ్మే ఉద్దేశం లేకపోతే ఈ లెక్కే తిరగబడుతుంది. అప్పుడు రెండో గేమ్ సేల్‌కు వచ్చేదాకా ఆగడమే మేలు.

మన జిల్లాల్లో దీనికి ఇంకో ముడి ఉంది. కొనేవాళ్లు కొద్దిమందే కాబట్టి అమ్ముడుపోవడానికి వారాలు పడుతుంది. ధర వేగంగా పడే గేమ్‌కు ఆ వారాలే నష్టం. ధర నిలిచే గేమ్ నెల ఆగినా అంతే పలుకుతుంది. రాయగడలోనో గుణుపురంలోనో ఉన్నవాళ్లు ఊళ్లో కొనేవాడు దొరక్క విశాఖకు, భువనేశ్వర్‌కు స్పీడ్ పోస్ట్‌లో పంపాల్సి వస్తే, రవాణా ఖర్చు కూడా ధర ఉన్న సీడీకే గిట్టుబాటవుతుంది, ఎనిమిది వందల సీడీకి కాదు.

సీడీకి ఇక్కడ గిరాకీ మిగలడానికి నెట్ కూడా కారణం. ఫైబర్ లేని చోట రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ మీద 100 జీబీ గేమ్ దించాలంటే 50 రోజులు, అదీ ఫోన్‌లో ఇంకేమీ చూడకుండా. అందుకే గేమ్ మొత్తం సీడీలోనే ఉన్న టైటిళ్లు కొండ ప్రాంతాల్లో నగరాల కన్నా బాగా నిలుస్తాయి. సీడీ ఉన్నా గేమ్ అందులో ఉండకపోవచ్చు. 2022లో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2’ పీఎస్5 సీడీలో ఉన్నది 70 ఎంబీ చుట్టూ మాత్రమే, మిగతాదంతా దించుకోవాల్సిందే.

పాత సీడీ కొనేటప్పుడు వెనక్కి తిప్పి వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. పీఎస్4, పీఎస్5 సీడీలు బ్లూ-రే రకం. డీవీడీలో సమాచారం పొర ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, బ్లూ-రేలో 0.1 మిల్లీమీటరే. పైన గట్టి పూత ఉండటం వల్ల సన్నని గీతలకు ఏమీ కాదు. ఆ పూతను దాటి పడ్డ గీత ఒక్కటున్నా సమాచారమే దెబ్బతింటుంది. టూత్‌పేస్టుతో రుద్దడం, పాలిష్ యంత్రంలో పెట్టడం పాత తరం సీడీలకు, డీవీడీలకు కొంత పనిచేసేది. బ్లూ-రేను రుద్దితే ఉన్న పూత పోయి సీడీ పూర్తిగా పాడవుతుంది. గోరు తగిలితే ఆగే గీత ఉంటే కొనకండి. మధ్య రంధ్రం చుట్టూ వెంట్రుకలాంటి పగులు ఉందేమో చూడండి. పెట్టెలోంచి బలంగా లాగితే అక్కడే పగులుతుంది. గోపాలపురం తీరం వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పెట్టె లోపలి కాగితానికి బూజు పడుతుంది. ఆ బూజు సీడీకి హాని చేయకపోయినా, తిరిగి అమ్మేటప్పుడు ధర తగ్గిస్తుంది.

పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి మెనూ వచ్చేదాకా చూస్తే చాలదు. మెషీన్‌లో ఆ గేమ్ ఇంతకుముందే ఉంటే తీసేసి, మళ్లీ పూర్తిగా ఇన్‌స్టాల్ చేయించండి. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగి లోపం చూపిస్తే సీడీలో చదవలేని చోటు ఉన్నట్టు. సీడీ ఏ ప్రాంతానిదో కూడా అడగండి. అమెరికా సీడీ మన మెషీన్‌లో ఆడుతుంది గాని, భారత్ ఖాతాలో కొన్న అదనపు భాగాలు దానికి అతుక్కోవు. స్విచ్ కార్డులు ఆడటానికి ప్రాంతం అడ్డు లేదు.

పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ పోకెమాన్ కార్ట్రిడ్జ్‌ల మీద ఇష్టం ఉన్నవాళ్లకు: వాటిలో నకిలీలే ఎక్కువ తిరుగుతున్నాయి. అసలుదాని ముందు లేబుల్ మీద రెండంకెల చిన్న ముద్ర నొక్కినట్టు ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ‘రూబీ’, ‘సఫైర్’లలో బ్యాటరీ అయిపోతే సేవ్ పోదు, గేమ్ లోపలి గడియారం ఆగిపోతుందంతే. అదే ముందు తరం ‘గోల్డ్’, ‘సిల్వర్’లలో అయితే బ్యాటరీతో పాటు సేవ్ కూడా పోతుంది. కొనేముందు సేవ్ చేసి, ఆపి, మళ్లీ తెరిచి చూడాలి.

దొరకకుండా పోయినవి

కొన్నిటి ధర నిలవడమే కాదు, పైకి ఎగబాకుతుంది. ‘సూపర్ మారియో 3డీ ఆల్ స్టార్స్’ను నింటెండో 2020 సెప్టెంబర్ 18 నుంచి 2021 మార్చి 31 వరకే అమ్మింది. ముగింపు తేదీ చెప్పి అమ్మిన గేమ్ ధర దించాల్సిన పనే ఉండదు. 3డీఎస్, వీ యూ ఆన్‌లైన్ స్టోర్లు 2023 మార్చి 27న మూతపడ్డాక వాటి కార్డులకు, డిస్కులకు గిరాకీ పెరిగింది.

లైసెన్సుల వల్ల పోయేవి వేరు. నిజమైన కార్లు, పాటలు వాడిన గేమ్‌కు ఆ ఒప్పందాల గడువు తీరితే అమ్మకం ఆపాలి. ‘ఫోర్జా హొరైజన్ 4’ 2024 డిసెంబర్ 15న స్టోర్ల నుంచి పోయింది. ‘అలన్ వేక్’ పాటల హక్కులు తీరి 2017 మేలో 90 శాతం తగ్గింపుతో చివరిసారి అమ్ముడై, హక్కులు మళ్లీ సంపాదించాక 2018 అక్టోబర్‌లో తిరిగి వచ్చింది. ఇందులో రెండు సంగతులున్నాయి. అమ్మకం ఆగే ముందు తరచూ ఆఖరి సేల్ వస్తుంది, డౌన్‌లోడ్ కొనేవాళ్లకు అదే మంచి సమయం. ఆగాక సీడీ ధర పెరుగుతుంది గాని, అదే గేమ్ మళ్లీ విడుదలైతే ఆ పెరిగిన ధర కూలిపోవచ్చు. అరుదుదనాన్ని నమ్మి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు ఈ రెండోదాన్ని ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తారు.

స్విచ్ 2 వచ్చాక పెట్టెల మీద చూడాల్సింది ఇంకోటి చేరింది. ముందువైపు కింది భాగంలో తాళంచెవి గుర్తుతో ‘గేమ్-కీ కార్డ్’ అని ఉంటే, ఆ కార్డులో గేమ్ ఉండదు, దించుకోవడానికి అనుమతి మాత్రమే ఉంటుంది. దాన్ని తిరిగి అమ్ముకోవచ్చు, ఆడేటప్పుడు కార్డు పెట్టే ఉంచాలి. సర్వర్ ఉన్నంతకాలమే దానికి విలువ. కార్డు లేకుండా పెట్టెలో కోడ్ ఉన్న కాగితం మాత్రమే ఉంటే, ఆ కోడ్ ఒకసారి వాడాక పెట్టెకు తిరిగి పైసా రాదు. ధర నిలిచే గేమ్ కదా అని పాత పెట్టె కొనేటప్పుడు గేమ్ ఉన్న కార్డు, గేమ్-కీ కార్డ్, ఒట్టి కోడ్ కాగితం, ఈ మూడింటిలో చేతికొస్తున్నది ఏదో డబ్బిచ్చే ముందే తెరిపించి చూసుకోవాలి.